గోడకేసి మాట్లాడిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడింది మా వదిన. అదీ గోడకేసి.

వదిన అంటే మా ఆయనకి అక్క. హైస్కూల్లో సోషల్ చెబుతుంది. మా ఆయన ఇంకా నిక్కర్లేసుకునే రోజుల్లో తల్లీతండ్రీ పోతే, చదువు ముగించీ ముగించకుండానే ఉద్యోగంలో చేరి తమ్ముణ్ణి పెంచింది. "మా అక్క నాకోసం పెళ్ళి మానుకుంది" అన్నది మా ఆయన నాతో పరిచయమైన రోజు చెప్పిన మొదటి మాట. తన పేరు ఆ తర్వాత చెప్పాడు. పెళ్ళయ్యాక చూస్తే చుట్టాలూ ఇరుగుపొరుగూ అందరూ అదే పాట. ఎవరైనా ఆ మాట ఎత్తగానే వదిన ఏదో పనున్నట్టు వంటగదిలోకి వెళ్ళిపోయేది. మొహమాటం కాబోలు అనుకునేదాన్ని.

నాకూ ఆవిడకీ నాలుగేళ్ళలో ఒక్క గొడవ కూడా రాలేదు. గొడవ రావాలంటే ముందు మాటలుండాలి కదా. "గేటు వేశావా?" "వేశాను వదినా." "కరెంటు వచ్చిందా?" "రాలేదు వదినా." ఇలాగే గడిచిపోయాయి రోజులు.

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. పెద్ద పెద్ద జవాబులు దిద్దేటప్పుడు టీచర్లు మార్కులు ఎలా నిర్ణయిస్తారన్నది నా టాపిక్. దానికో పద్ధతి ఉంది. టీచరు పేపర్లు దిద్దుతూ, మనసులోకి ఏ ఆలోచన వస్తే దాన్ని వచ్చినట్టే పైకి చెప్పేయాలి. నేను వెనక కూర్చుంటాను. ఎదురుగా కూర్చుంటే నా మొహం చూసి మాట మార్చుకుంటారని భయం. నేను అవుననకూడదు, కాదనకూడదు, నవ్వకూడదు. వాళ్ళు మధ్యలో ఆగిపోతే మాత్రం "చెబుతూ ఉండండి" అనాలి. నా పాత్ర అంతవరకే. మిగతాదంతా రికార్డరు చూసుకుంటుంది.

సెలవులయ్యేలోగా చిన్న పైలట్ స్టడీ చేసి చూపించకపోతే కమిటీ ముందు నిలబడలేవని మా గైడు మేడం తెగేసి చెప్పారు. "నలుగురితో చేసి చూడు. పద్ధతిలో లొసుగులేమైనా ఉంటే ఇప్పుడే బయటపడతాయి. పైలట్‌లో ఉన్నవాళ్ళని అసలు పరిశోధనలోకి తీసుకోకూడదు, అది మర్చిపోకు" అన్నారు.

నలుగురంటే నలుగురే కదా అనుకున్నాను. ఎండల్లో టీచర్లని పట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదట దొరికిన ఇంగ్లీషు మాస్టారు ఆలోచనలు చెప్పమంటే ఉపన్యాసం ఇచ్చారు. సైన్సు టీచరు పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ, ప్రశ్నపత్రం తయారుచేసినవాణ్ణీ కలిపి ఒకే ఊపులో తిట్టిపోసింది. మూడో ఆవిడ అసలు నోరే విప్పలేదు. ఇంటికొచ్చి విందును కదా, రికార్డంతా నా గొంతే, "చెబుతూ ఉండండి, చెబుతూ ఉండండి" అని ప్రాధేయపడుతూ. తల పట్టుక్కూర్చున్నాను.

"అక్క ఉందిగా. ఇంటినిండా పేపర్ల కట్టలే" అన్నాడు మా ఆయన.

వదిన కళ్ళజోడు పైకి తోసుకుని నేను చెప్పిందంతా విన్నది.

"మనసులో మాట పైకి చెప్పాలా? ఎవరికి?"

"ఎవరికీ కాదు వదినా. గోడతో మాట్లాడుతున్నాననుకోండి."

"విన్నది నువ్వు ఎవరికీ చెప్పవు కదా?"

"చెప్పకూడదు. అది మా రూలు. చెప్పనని ముందే రాసి సంతకం పెడతాను."

"మీ ఆయనకి కూడానా?"

"ఆయనకి కూడా."

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందని నాకు అప్పుడు తోచనేలేదు. నాలుగో మనిషి దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గదిలో బల్లని గోడవైపు తిప్పాం. నేను వెనక స్టూలు మీద కూర్చున్నాను. మొదట కొంచెం బెరుగ్గా, తర్వాత ధారగా మొదలైంది.

"ఈ అబ్బాయి ప్రశ్ననే తిప్పి జవాబుగా రాశాడు. గడుసువాడు. ఒక మార్కు. పోనీ, పేజీ నింపినందుకు ఒకటిన్నర. తర్వాత. వీడి దస్తూరి ముత్యాల్లా ఉంది, లోపల సరుకు లేదు. దస్తూరికి మార్కులు వేయకూడదు. వేస్తున్నాను. తర్వాత."

నాకు ఒళ్ళు పులకరించింది. నా టాపిక్ మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. ఇంత మాటకారిని పక్కగదిలో పెట్టుకుని నాలుగేళ్ళు గేటు గురించీ కరెంటు గురించీ మాట్లాడుకున్నామా అనిపించింది.

రెండోరోజు ఇంకా హుషారుగా సాగుతోంది. "ఈ అమ్మాయికి విషయం తెలుసు, చెప్పడం రాదు. నాలాగే. నాలుగు మార్కులు. నాలుగు తక్కువేమో. ఆయనైతే ఇలాంటివాళ్ళకి పూర్తి మార్కులు వేసేస్తారు. దారి ఎలా ఉన్నా చేరాల్సిన చోటికి చేరింది కదండీ అంటారు." అని ఆగిపోయింది. పెన్ను కదలడం లేదు.

"చెబుతూ ఉండండి" అన్నాను, అలవాటుగా.

"లెక్కల మాస్టారు నన్ను పెళ్ళి చేసుకుందామా అని అడిగారు. తర్వాతి పేపరు."

నా చేతిలోంచి పెన్సిలు జారిపోయింది. తీసుకోవడానికి వంగితే స్టూలు కిర్రుమంటుందని బిగుసుకుపోయి కూర్చున్నాను. వదిన వెనక్కి తిరగలేదు. తర్వాతి పేపరుకి ఆరు మార్కులు వేసింది, ఎందుకు వేసిందో కూడా చెప్పింది. నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

ఒక్కొక్కరితో రెండుసార్లు చేస్తే చాలు. వదినతో పని అయిపోయింది. కానీ మూడోరోజు పొద్దున్న టీ తాగుతుండగా వచ్చి, "నీ మిషను ఖాళీగా ఉందా?" అంది, చంకలో ఇంకో కట్టతో. వద్దని ఎలా అంటాను? ఆ మర్నాడూ అంతే. మార్కుల మధ్యన ముక్కలు ముక్కలుగా కథంతా బయటికొచ్చింది.

లెక్కల మాస్టారికి భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. వేరే ఊరికి బదిలీ అయింది. బడులు తెరిచే రోజుకి అక్కడ చేరిపోవాలి. సెలవులిచ్చే రోజున స్టాఫ్‌రూములో, చొక్కా చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ అడిగారట. "మీరు కాదన్నా నేనేమీ అనుకోను. కానీ సెలవులయ్యేలోగా చెప్పండి. అక్కడ ఒక గది ఇల్లు చూడాలా, రెండు గదుల ఇల్లు చూడాలా తెలియాలి కదా" అన్నారట.

"అలా అడగడం నాకు నచ్చింది" అంది వదిన గోడతో. "రెండో ప్రశ్న రాయలేదు. సున్నా."

ఇంకోరోజు పేపర్ల జోలికే పోకుండా చాలాసేపు మాట్లాడింది.

"అందరూ నేను తమ్ముడి కోసం పెళ్ళి మానుకున్నానంటారు. మానుకోలేదు. వచ్చిన సంబంధాలు నాకు నచ్చలేదు. ఒకడు నచ్చాడు, వాడికి నేను నచ్చలేదు. ఈలోగా తమ్ముడు పెద్దవాడైపోయాడు. ఎవరో త్యాగం అన్నారు. కాదని చెప్పేలోపు అందరూ అనేశారు. ఇప్పుడు వాడి దగ్గరకెళ్ళి పెళ్ళి చేసుకుంటున్నానంటే ఏమనుకుంటాడు? అక్క ఇన్నాళ్ళూ నా బరువు మోసి మోసి, ఇప్పటికి దించుకుంటోంది అనుకుంటాడు. అది కాదురా అని చెప్పాలంటే, త్యాగమూ లేదు ఏమీ లేదని ఒప్పుకోవాలి. ఊరందరికీ అంత గొప్పగా చెప్పుకుంటాడు. వాడి మొహం చూస్తూ ఆ మాట నేను అనలేను."

నా గొంతుదాకా వచ్చింది, "అనండి వదినా" అని. పళ్ళ బిగువున ఆపుకున్నాను. అది నేను అనకూడని మాట.

అప్పట్నించి నాకు ఒకచోట కాలు నిలవలేదు. రికార్డులు విని రాసుకుందామని కూర్చుంటే పది నిమిషాలకోసారి లేచి గేటుదాకా వెళ్ళొచ్చేదాన్ని. సర్దిన అలమరనే మళ్ళీ సర్దాను. మా ఆయన ఆఫీసునించి వచ్చి "ఏమిటి విశేషాలు?" అంటే ఉలిక్కిపడేదాన్ని. సెలవులు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా కరిగిపోతున్నాయి. ఆవిడ చూస్తే రోజుకో కట్ట దిద్దుతోంది, మాస్టారికి జవాబు మాత్రం ఇవ్వదు.

గైడు మేడం దగ్గరికి పరిగెత్తాను. "మేడం, ఒకావిడ దిద్దుతూ దిద్దుతూ సొంత విషయాలు చెబుతున్నారు. ఏం చెయ్యను?"

"ఆ భాగం తీసెయ్. డేటా కాదది."

"తీసేస్తే పోయేది కాదు మేడం. ఆవిడ విషయం ఇంకొకరికి తెలియాల్సి ఉంది. తెలియక వాళ్ళు…"

"ఎవరావిడ?" అన్నారు మేడం మామూలుగా.

నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. మేడం నవ్వారు. "పేరు చెప్పలేదుగా, అయితే పరవాలేదు. చూడమ్మాయ్, ఆ రికార్డింగులు పక్కన పడేసి ఇంకొకరిని వెతుక్కో. సెలవులయ్యేలోగా నలుగురూ ఉండాలి. ఆవిడకిచ్చిన మాట మాత్రం నీ పైలట్‌తోపాటు అయిపోదు."

నా దగ్గరున్న మంచి రికార్డింగులు ఆవిడవే. అవి పోతే మిగిలేది ఒక ఉపన్యాసం, ఒక తిట్లదండకం, ఒక మౌనవ్రతం. ఏడుపొచ్చినంత పనైంది. మీ రికార్డింగులు పైలట్‌లో వాడనని వదినకి చెప్పేసి, ఆ ఎండలోనే ఇంకో టీచరు కోసం గుమ్మాలెక్కి దిగడం మొదలుపెట్టాను.

అలా తిరిగి ఇంటికొచ్చిన ఒక సాయంత్రం మేడ మీద మా ఆయనా, మేస్త్రీ టేపు పట్టుకుని కొలుస్తున్నారు.

"అక్కకి గది వేయిస్తున్నాను" అన్నాడు మా ఆయన మెరిసిపోతున్న మొహంతో. "రెండువైపులా కిటికీలు. కింది గది చీకటి కదా. ఇంక జీవితాంతం తనకి ఏ లోటూ ఉండకూడదు. రేపోమాపో ఇటుక దిగుతుంది."

మేస్త్రీ వెళ్ళేదాకా ఆగి, "ఇప్పుడు తొందరేముంది?" అన్నాను.

"వానలు మొదలైతే పని సాగదు."

"వానలు పోయాక చూద్దాంలే."

"ఎందుకు?"

"ముందు ఆవిణ్ణి అడిగావా?"

"అడిగితే వద్దంటుంది. తనకంటూ ఏదీ కోరుకునే మనిషి కాదు అక్క."

"ఎందుకు కోరుకోకూడదు? అడిగి చూడొచ్చుగా."

"గది వేస్తానంటే నీకెందుకింత ఉలుకు?"

"ఉలుకేం లేదు. నా మాట విను, కొన్నాళ్ళు ఆగు. ఎందుకని అడక్కు."

మా ఆయన నన్ను కొత్తగా చూశాడు. "అక్క ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతుందని నీకు కష్టంగా ఉందా? నాలుగేళ్ళలో నీమీద నాకు ఆ అనుమానం ఒక్కనాడూ రాలేదు" అన్నాడు.

ఒక్క మాట. లెక్కల మాస్టారు అన్న ఒక్క ముక్క అంటే చాలు, ఆ చూపు మారిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మింగి, "ఏమనుకుంటావో అనుకో" అని దిగొచ్చేశాను. మెట్ల మీదే కళ్ళనీళ్ళు ఆగలేదు. చేయని తప్పుకి మాట పడటం ఒక బాధ, చేయలేదని చెప్పుకోలేకపోవడం ఇంకో బాధ.

మా ఆయన నాతో మాటలు మానేశాడు. ఉప్పందుకోవాలన్నా చెయ్యి చాపేవాడు తప్ప నోరు తెరిచేవాడు కాదు. ఇంట్లో ఒకరు గోడతో మాట్లాడుతున్నారు, ఒకరు ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను ఇద్దరి సంగతీ కడుపులో పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇటుక దిగింది. మేస్త్రీ రేపు పొద్దున్నే పని మొదలుపెడతానని కబురంపాడు.

ఆ రోజు వదిన మళ్ళీ పిలిచింది. వెళ్ళి వెనక స్టూలు మీద కూర్చున్నాను. కట్ట విప్పింది. మొదటి పేపరు తీసి ముందు పెట్టుకుంది. పెన్ను మూత తీయలేదు, ఏమీ అనలేదు. కాసేపు చూసి, పద్ధతి ప్రకారం "చెబుతూ ఉండండి" అనబోతూ ముందుకి వంగాను. పేపరు మీద ఎర్ర సిరాతో మార్కులు వేసి ఉన్నాయి. కట్ట మొత్తం అంతే. దిద్దాల్సిన పేపర్లు ఏనాడో అయిపోయినట్టున్నాయి.

"వదినా, ఇవి దిద్దేశారు."

"తెలుసు" అంది గోడవైపే చూస్తూ. "మొన్న మేడ మీద మీ గొడవ విన్నాను. ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదిగా. ఎందుకు పడ్డావు అన్నేసి మాటలు?"

"చెప్పనన్నాను కదా."

"నీ పైలట్‌లో నేను లేనన్నావుగా మరి."

"మీరు పైలట్‌లో లేరు. నా మాట ఉంది."

వదిన కుర్చీ వెనక్కి జరిపి నావైపు తిరిగింది. ఇన్ని రోజుల్లో ఆ గదిలో మేం ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆవిడ కళ్ళ కింద నల్లగా వలయాలున్నాయి. నిద్రపోయినట్టు లేదు.

"ఆ మిషను ఆపు" అంది. ఆపాను. "ఇప్పుడు చెప్పు అమ్మాయ్. నువ్వేమంటావు?"

ఎన్నాళ్ళనించో బిగబట్టిన మాట కదా, గబగబా చెప్పేద్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే అప్పుడు తట్టింది, ఈ మనిషి వెళ్ళిపోతే నాకు బాధగా ఉంటుందని. నాలుగేళ్ళూ లేని చనువు ఈ కొన్నాళ్ళలో వచ్చింది, అదీ ఆవిడ వీపు చూస్తూ.

"రెండు గదుల ఇల్లే చూడమనండి వదినా" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో చాలాసేపు తుడుచుకుంది.

సాయంత్రం మా ఆయన రాగానే, బూట్లు కూడా విప్పనీయకుండా పిలిచింది. "ఒరేయ్, ఇలా రా. ఈ స్టూలు మీద కూర్చో. నేను గోడవైపు తిరిగి మాట్లాడతాను. నువ్వు మధ్యలో మాట్లాడకూడదు. నేను ఆగిపోతే చెబుతూ ఉండమనాలి, అంతే."

"ఇదేం ఆట అక్కా?"

"ఆట కాదు, నీ పెళ్ళాం చదువు. కూర్చో."

మా ఆయన నాతో మాటల్లేవన్న సంగతి మర్చిపోయి నావైపు చూశాడు. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. వదిన ఈసారి పేపర్లు ముందు పెట్టుకోలేదు. ఖాళీ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని మొదలుపెట్టింది. మాస్టారు అడిగింది చెప్పింది. బదిలీ సంగతి చెప్పింది. ఆయన మంచివాడని చెప్పలేదు. జోకులు బాగా వేయలేరనీ, వేసినప్పుడు ముందు ఆయనే నవ్వుతారనీ చెప్పింది. తర్వాత గొంతు సన్నబడింది.

"నీకోసం పెళ్ళి మానుకున్నానని అందరికీ చెబుతావు. అది నిజం కాదురా. కుదరలేదు, చేసుకోలేదు. నువ్వు అడ్డం రాలేదు. ఎప్పుడూ రాలేదు. కాదని చెప్పాల్సింది. చెప్పుకుంటుంటే వినడానికి బాగుందని ఊరుకున్నాను" అని ఆగిపోయింది.

మా ఆయన చెబుతూ ఉండమనాలి. అనలేదు. తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. వదిన భుజాలు బిగుసుకుపోయాయి.

"నీ బతుకు నేనే తినేశాననుకున్నాను అక్కా" అన్నాడు చివరికి. "చిన్నప్పట్నించీ. ఎవరైనా నిన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు అదే వినపడేది. అందుకే గది వేద్దామనుకున్నాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా."

వదిన చప్పున ఇటు తిరిగింది. "ఎవరన్నారురా నీకా మాట?"

"ఎవరూ అనలేదు. అందరూ అన్నదాని అర్థం అదేగా."

ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. మా ఆయన ముందు తేరుకుని ముక్కు తుడుచుకున్నాడు. "మరి పొద్దున్నే నన్నెవరు లేపుతారు?" అన్నాడు.

"పెళ్ళయిందిరా నీకు. లేచి గడియారం చూసుకో."

నవ్వొచ్చి, దాన్ని ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగాడు. "నీకిదంతా ముందే తెలుసా?"

"నాకేం తెలుసు" అన్నాను. "పైలట్‌లో విన్నవి చెప్పకూడదు."

"అంటే తెలుసన్నమాట" అన్నాడు. లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. క్షమించమని అనలేదు, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేస్త్రీని రేపు రావద్దని చెప్పాలి అని మాత్రం గొణిగాడు.

వదిన మొహం కడుక్కొచ్చి, బల్ల మీదున్న ఫోను తీసుకుంది. ఇంకోగదిలోకి వెళుతుందేమోనని మేం తప్పుకోబోయాం. ఆవిడ అదే కుర్చీలో, మావైపు తిరిగే కూర్చుని నంబరు నొక్కింది.

"నేనేనండీ" అంది. అవతల ఆయన ఏదో అడిగారు. "భోజనం ఇంకా లేదు. ఆలోచించుకున్నాను. సరే… అవునండీ, సరే అనే అంటున్నాను." కాసేపు విన్నది. చెవుల దాకా ఎర్రబడింది. "అబ్బే, తర్వాత ఫోను చేయక్కర్లేదు. మా తమ్ముడూ, మరదలూ ఇక్కడే ఉన్నారు. వాళ్ళ ఎదురుగానే మాట్లాడుతున్నాను."

అవతల మాస్టారు ఏమన్నారోగానీ వదిన నవ్వింది. మా ఆయన మెల్లగా వెళ్ళి, ఆయన గొంతు కూడా వినపడుతుందేమోనని ఫ్యాను ఆపేశాడు.